వేడి వరుస

“శనివారం వేడి వరుస ఒక్కటే. ఆరిన వరుస ఉండదు,” అన్నాడు పెద్దాయన, తన వెండి స్పూనును తెల్లని గుడ్డతో తుడుస్తూ. “నడిచేది నువ్వు ఒక్కదానివే. నీ ముందు నేనుండను.”

ఆమె చేతిలోని స్పూను గిన్నె అంచుకు తగిలి టింగుమన్నది.

“ఏం పిచ్చుకా, గొంతు పడిపోయిందా?”

“లేదండీ మాస్టారూ. బాగా వేడిగా ఉంది.”

ఆ గిన్నెలోని తేనీరు ఆరి అప్పటికి చాలాసేపయింది.

తేయాకును కలిపి, పెట్టెలలో నింపి, ఓడల మీద దూరదేశాలకు పంపే ఆ సంస్థలో రుచి చూసే గదికి తనదైన మర్యాద ఒకటి ఉన్నది. ఉత్తరపు కిటికీల వెంబడి, నడుమెత్తు బల్ల మీద, తెల్లని పింగాణీ గిన్నెలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బారు తీరి ఉంటాయి. ప్రతి గిన్నె పక్కనా తిరగేసిన మూత, ఆ మూత మీద నానిన ఆకు. మరిగిన నీళ్లు కూజాలలో పోసి, ఇసుక గడియారం తిరగేసి, ఊరిన తేనీటిని గిన్నెలలోకి వంచడం అందరూ కప్పులక్క అని పిలిచే ఆయమ్మ పని. ఇసుక జారిపోగానే వేడి వరుస మొదలవుతుంది. అందులో సహాయకురాలు ముందుగా నడవాలి. పొగలు కక్కే తేనీటిని స్పూనుతో తీసి, గది మారుమోగేటట్లు ఒక్క పీల్పుతో అంగిటికి చిమ్ముకొని, చక్రాల మీద వెంట దొర్లే తొట్టిలో ఉమ్మి, మాట్లాడకుండా తరువాతి గిన్నెకు జరగాలి. పెద్దవారి నాలుక కాలకూడదు కనుక ఈ ఏర్పాటని పాతవారు చెబుతారు. ఆమె అలా నడుస్తున్నంతసేపూ పెద్దాయన బల్లకు ఆవలి వైపున, చేతులు వెనక్కి కట్టుకొని, ఆమెతో సమంగా అడుగులు వేసేవాడు.

తేనీరు గోరువెచ్చబడిన తరువాత ఆరిన వరుస. అందులో పెద్దాయన ముందు, ఆమె వెనుక. నచ్చిన గిన్నెను ఆయన వేలి కణుపుతో కాస్త ముందుకు నెడతాడు. నచ్చని దానిని ముట్టుకోడు. బల్ల చివర ఆగి, “చెప్పు, పిచ్చుకా,” అంటాడు. అప్పుడామె ఒక్కొక్క గిన్నె గుణాన్నీ బిగ్గరగా చెప్పాలి.

ఆ చెప్పడంలోనే ఆమె భయమంతా ఉన్నది. ఎనిమిదేళ్లుగా ఆమె ముందుకు జరిగిన గిన్నెను మెచ్చుకున్నది. జరగని గిన్నెకు వంక పెట్టింది. వేడి వరుసలో తన నాలుకకూ ఏదో తోచేది. అది ఆయన కణుపుతో సరిపోయినప్పుడల్లా గుడ్డి అదృష్టమనుకున్నది. అది దాదాపు ప్రతిరోజూ సరిపోతున్నా, అంత అదృష్టం ఎవరికైనా ఉంటుందా అన్న ప్రశ్న మాత్రం ఆమెకు ఏనాడూ రాలేదు. తనకు రుచి తెలియదు, ఆయన వేలు చదవడం మాత్రమే తెలుసు: ఇది ఆమె గట్టి నమ్మకం.

తలుపు తోసుకొని డైరెక్టరు వచ్చాడు. ఆయన ఎప్పుడూ పరుగెత్తుకొచ్చినట్లే వస్తాడు.

“విన్నావా అమ్మాయ్? శనివారం ఆవిడే స్వయంగా వస్తోంది. దేశదేశాల్లో హోటళ్లకు టీ సప్లై చేసే మనిషి! మాస్టారు రిటైరైతే మీ సరుకు ఎవరి నాలుక మీద నమ్మాలి అని అడిగింది. నేను చూపిస్తాను రమ్మన్నాను. పది కంపెనీల టీలు, పేర్లు లేకుండా. అందులో మనది ఏదో కనిపెట్టి ముందుకు నెట్టడమే నీ పని. అంతే!”

“అంతేనా అండీ?” అన్నది ఆమె నీరసంగా.

“నిద్రలో లేపినా చెప్పేస్తావు! ఏమంటారు మాస్టారూ?”

పెద్దాయన స్పూనును కోటు జేబులో పెట్టుకున్నాడు. “చూద్దాం,” అన్నాడు.

ఆమె ఆరిన గిన్నెలోనే మళ్లీ స్పూను ముంచింది.  తనకు కలిగినది భయమో ఉత్సాహమో ఆమెకు తెలియలేదు. 

సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి వంటగదిలో అత్తగారు పొయ్యి దగ్గర నిలబడి కూర కలుపుతున్నది. భర్త గుమ్మంలో పీట మీద కూర్చొని తువ్వాలుతో తల తుడుచుకుంటున్నాడు. ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పే ఉద్యోగం కావడం వలన ఆయన జుట్టు ఏ వేళ చూసినా తడిగానే ఉంటుంది.

“శనివారం నేను నడవనండీ,” అన్నది ఆమె, సంచి కూడా దించకుండానే. “నాకు రుచి తెలియదని డైరెక్టరుగారికి చెప్పేస్తాను.”

అత్తగారు గరిటెతో సహా ఇటు తిరిగింది. “టీ నోట్లో పోసుకుని ఉమ్మితే జీతమిస్తారని నువ్వు కొత్తలో చెబితే, నలుగురికీ ఏమని చెప్పుకోవాలో తెలీక నేను చచ్చాను. ఇప్పుడు ఆ ఉమ్మడం కూడా రాదంటావేమే?”

“నవ్వులాట కాదు అత్తయ్యా. ఎనిమిదేళ్లుగా అందర్నీ మోసం చేస్తున్నాను. ఆయన వేలు చూసి చెబుతున్నాను.”

“నువ్వు? మోసం?” అత్తగారు కొడుకు వైపు తిరిగింది. “విన్నావురా? మొన్న నా కూరలో ఉప్పెక్కువైతే బాగుందత్తయ్యా అంది. నేను నమ్మానా? దీని మొహం గోడకు అంటించిన సినిమా పోస్టరు. వీధి చివరికి కూడా కనిపిస్తుంది.”

“మొహం కాదమ్మా, మడమలు.” భర్త లేచి నిలబడి, గాలిలోనే స్పూనుతో రుచి చూసినట్లు నటించి, మడమలు ఎత్తి భుజాలు పైకి లేపాడు. “బాగుంటే ఇలా లేస్తుంది. లేదంటే భూమిలో పాతేసిన గుంజలా ఉంటుంది.”

“నేనా? ఏనాడూ లేదు!”

“పందెం,” అన్నది అత్తగారు. గరిటె కొసన కాస్త కూర తీసి, ఊది, కోడలి నోటికి అందించింది.

ఆమె రుచి చూసింది. మిరియం ఘాటు ఆలస్యంగా, హాయిగా వచ్చింది. కళ్లు తెరిచేసరికి తల్లీ కొడుకులిద్దరూ తన పాదాలనే చూస్తూ పడీ పడీ నవ్వుతున్నారు. ఆమె కిందికి చూసుకున్నది. నేల మీది నుంచి మడమలు నిజంగానే పైకి లేచి ఉన్నాయి.

“అయ్యో రామా! శనివారం అంతమంది ముందర ఇలా ఎగిరితే పరువు పోతుంది.”

“పిచ్చుక అని ఊరికే పేరు పెట్టాడా ఆయన?” అన్నది అత్తగారు.

ఆమెకూ నవ్వు వచ్చింది. నవ్వు ఆగిన తరువాత భర్త పక్కన కూర్చొని, “నీళ్లంటే భయపడే పిల్లలకు ఏం చెప్తారు మీరు?” అని అడిగింది.

“నీళ్లలో దిగాక చెప్తాను. గట్టు మీద చెప్పింది ఏదీ వాళ్లకు ఎక్కదు.”

మరునాడు గురువారం, ఆమె తన కాళ్లకు తానే కాపలా పెట్టుకొని గదిలో అడుగుపెట్టింది. వేడి వరుస మొదలైంది. ఒక గిన్నెలో తేనీరు నోట పడగానే ఎండలో తళుక్కుమన్న ఇత్తడిలా నాలుకంతా వెలిగింది. మడమలు లేవబోయాయి. ఆమె కాలివేళ్లను బూట్లలోనే ముడుచుకొని, నేలను పట్టుకొని నిలబడింది. కిటికీ మూల గిన్నె దగ్గర వేరొకటి తగిలింది. మొదట ఏమీ లేదు. ఉమ్మిన తరువాత గొంతు వెనుక నుంచి తడిసిన గోనెసంచి వాసన. అక్కడా ఆమె బొమ్మలా నిలబడింది.

ఎదుట పెద్దాయన అడుగులు ఆ రోజు తడబడ్డాయి. ఒకసారి ముందుకు వచ్చాడు, మళ్లీ వెనక్కి వెళ్లాడు. “ఏం, ఒంట్లో బాగోలేదా?” అన్నాడు.

“బాగానే ఉందండీ.”

“మొద్దులా ఉన్నావే!”

ఆరిన వరుసలో ఆయన కణుపు గిన్నెల మీద గాలిలో తారాడింది. ఇత్తడిలా మెరిసిన గిన్నెను దాటిపోయింది. కిటికీ మూలకు వచ్చి, ఒక క్షణం ఆగి, తడిగోనె గిన్నెను ముందుకు నెట్టింది.

ఆమె నిర్ఘాంతపోయింది. పొరపాటు ఆయనదేమో అని క్షణమైనా తోచలేదు. దొంగ దొరికిపోయిందన్న భావనే కలిగింది. ఇన్నాళ్లూ కలిసి వచ్చిన అదృష్టం నేటితో సరి. తన నాలుక ఎంత గుడ్డిదో నేడు తేటతెల్లమైంది. శనివారం దాకా ఆగనవసరం కూడా లేదు.

“చెప్పు, పిచ్చుకా.”

“ఇది... నిండుగా ఉందండీ. ముగింపు చక్కగా ఉంది.”

చెబుతున్నంతసేపూ ఆ గోనె వాసన నోటిలోనే ఉన్నది. మధ్యాహ్నానికి ఆ సరుకు బస్తాలను బండ్ల మీద మిశ్రమశాలకు దొర్లించుకుపోయారు. శనివారం రాబోయే వర్తకురాలి కోసం సిద్ధం చేస్తున్న మిశ్రమంలో వాటిని కుమ్మరించారు.

శుక్రవారం ఉదయం నడిచి వస్తుండగా, వీధి మలుపులో ఆమె చటుక్కున ఆగిపోయింది. వెనుక వస్తున్న సైకిలు మనిషి బ్రేకు వేసి, “రోడ్డు మీద నిద్రపోతున్నావా తల్లీ?” అని కేకవేశాడు. ఆమెకు వినిపించలేదు.

ఆయన ఒంట్లో బాగోలేదా అని ఎందుకు అడిగాడు? మొద్దులా ఉన్నావని ఎందుకన్నాడు? వేడి వరుసలో ఆయన చూడవలసినది గిన్నెలను, ఆకును, తేనీటి రంగును. ఆయన చూసింది తనను. తాను కొత్తగా చేరిన రోజులలో వేడి వరుస నడుస్తున్నంతసేపూ ఆయన మూల కుర్చీలో కూర్చొని వార్తాపత్రిక చదివేవాడు కదా! తలెత్తేవాడు కూడా కాదు. ఆవలి వైపున నిలబడి తనతో సమంగా నడవడం ఎప్పుడు మొదలైంది? మూడేళ్ల కిందట ఆయన పెద్ద జ్వరంతో నెల రోజులు సెలవు పెట్టి తిరిగి వచ్చిన తరువాత.

ఇంతకీ, నిన్న తన మడమలు లేవలేదు.

 మిగిలిన దారి ఆమె నడిచిందో పరుగెత్తిందో చెప్పలేము. గదికి చేరేసరికి జడ సగం ఊడిపోయి ఉన్నది.

“ఏమ్మా, కుక్కేమైనా తరిమిందా?” అన్నది కప్పులక్క, నీళ్లు వంచుతూ.

వేడి వరుస. ఆమె పీల్చింది, ఉమ్మింది, జరిగింది. బల్ల మధ్యలో మాడిన తేయాకు ఒకటి తగిలింది: కాగితం కాల్చి ఆర్పితే వచ్చే పొగ వంటిది. రుచి తెలియనివారికి కూడా దొరికిపోయే దోషం. ఆ గిన్నె దగ్గర ఆమె కావాలని మడమలు ఎత్తింది. భుజాలు కూడా బాగా పైకి లేచేటట్లు, తృప్తిగా. తరువాతి గిన్నెలో తేనీరు నిజంగానే అద్భుతంగా ఉన్నది. అక్కడ గుంజలా నిలబడింది. తాను చేస్తున్నది పరీక్షో పాపమో ఆమెకు తెలియలేదు.

ఆరిన వరుస. పెద్దాయన ఒక్కొక్క గిన్నె నుంచి స్పూనుతో తీసి పీల్చాడు. ఆ పీల్పు ఎంత గంభీరంగా ఉండేదో అంత గంభీరంగానూ ఉన్నది. మాడిన గిన్నె వద్ద ఆయన తల ఆడించాడు. కణుపు కిందికి దిగింది. గిన్నె ముందుకు జరిగింది.

 ఆమెకు కేక వేయాలనిపించింది, కూలబడాలనిపించింది. ఏదీ చేయక, ఆయన వెనుకే బల్ల చివరిదాకా నడిచి నిలబడింది.

“చెప్పు, పిచ్చుకా.”

“ఈ గిన్నె మాడిపోయింది, మాస్టారూ. పొగ కొడుతోంది.”

కప్పులక్క చేతిలోని కూజా గాలిలోనే ఆగింది. ఎనిమిదేళ్లలో ఆ గదిలో అటువంటి మాట పుట్టలేదు.

“నేను ముందుకు నెట్టానే?”

“నెట్టారండీ.”

 పెద్దాయన అదే కణుపుతో ఆ గిన్నెను వెనక్కి లాగాడు. “అక్కా, నువ్వు వెళ్లి ఇంకో విడత నీళ్లు పెట్టు,” అన్నాడు. తలుపు మూసుకున్నది.

“నా మడమలు చూసి నెడుతున్నారు మీరు,” అన్నది ఆమె. 

“మడమలు నాకెక్కడ కనిపిస్తాయి, బల్ల అడ్డముంటేనూ? భుజాలు.”

“ఎప్పటినుంచి?”

“జ్వరం తగ్గిన దగ్గర్నుంచి. నాలుక మీద తీపీ చేదూ మిగిలాయి. వాసన పోయింది. సబ్బు చూశాను, లేదు. కిరసనాయిలు చూశాను, లేదు. వాసన లేకపోతే టీ అంటే వేడినీళ్లే. ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అనుకున్నాను.” ఆయన స్పూను తుడవడం మొదలుపెట్టాడు. “రాలేదు.”

“నన్ను అడగాల్సింది కదండీ!”

“అడిగితే? నాకేం తెలుసు మాస్టారూ అనేదానివి. నీ సంగతి నాకు తెలీదా? నీ నోరు నా వేలు చూసి మాట్లాడుతుంది. భుజాలకు ఆ తెలివి లేదు. అవి నిజమే చెప్తాయి.”

ఆమెకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. అంతలో మరొకటి గుర్తుకు వచ్చి ఆ రెండూ ఆగిపోయాయి.

“రెండేళ్ల కిందట డైరెక్టరుగారు నన్ను ఆరిన వరుసలో ముందు నడిపిద్దామంటే, ఇంకా పండలేదు అన్నది మీరే కదూ?”

“అన్నాను.”

“ఆ మాట నేను ఇన్నాళ్లూ మోశానండీ. పొద్దున లేస్తే అదే మాట. అన్నం తింటుంటే అదే మాట. ఈ ఉద్యోగానికి నేను తగనని మీరు ఒప్పుకున్నట్టే అనుకున్నాను.”

“నువ్వు ముందుకు పోతే, నేను ఎవర్ని చూడాలి?”

అంత మాటనూ ఆయన ఎంతో మామూలుగా అన్నాడు. ఆమె బల్ల అంచు పట్టుకున్నది. కోపం పాదాల నుంచి మొదలై పైకి వస్తున్నది. దానితోపాటే మరొకటి, ఆపుకోలేని సంతోషం వంటిది, దానిని తోసుకుంటూ ఇంకా పైకి వస్తున్నది. మూడేళ్లుగా ఈ సంస్థ తేయాకు అంతా తన నాలుక మీదే నడిచింది! తనకు తెలియకుండా, తన నమ్మకంతో పని లేకుండా!

“నిన్నటి సరుకు సంగతేంటి?” అన్నది. “కిటికీ మూలది. తడిగోనె వాసన. నెట్టింది మీరు, బాగుందన్నది నేను.”

ఆయన చేయి ఆగింది. “కలిపేశారు.”

“ఆపమందాం.”

“ఏమని చెప్పి? అంత మిశ్రమంలో అదెంత, చిటికెడు. కలిసిపోతుంది. ఎవరికీ తెలీదు.” ఆయన మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు. “రేపు మన గిన్నె కనిపెట్టు, ముందుకు నెట్టు, కుర్చీ నీది. నలభై ఏళ్ల పని నాది. నన్ను తలెత్తుకుని వెళ్లనివ్వు, అమ్మాయ్.”

ఆయన ఆమెను అమ్మాయ్ అని పిలవడం అదే మొదలు.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి నేరుగా పోలేదు. వీధి వీధంతా రుచి చూసుకుంటూ తిరిగింది. చినుకులు పడి వెలిసిన సిమెంటు, రొట్టెల దుకాణం నుంచి వెచ్చని ఈస్టు, కొత్తగా రంగు వేసిన ఇనుప గేటు, మందుల దుకాణం ముందు స్పిరిటు చురుకు: ఒక్కొక్కటీ విడివిడిగా, తన కోసమే పేరు పెట్టి పిలిచినట్లు, అందుతున్నది. ఇవన్నీ నిన్నా ఉన్నాయి. నిన్న వీటిని తానే నమ్మలేదు. అయినా, చిటికెడు కలిసిపోతుందేమో అన్న ఆశ ఒక మూల లేకపోలేదు. కలిసిపోతే బాగుండునని ఆమె మనస్ఫూర్తిగానే కోరుకున్నది.

శనివారం ఉదయం గది కిక్కిరిసింది. డైరెక్టరు కొత్త చొక్కా తొడుక్కున్నాడు. లెక్కలవాళ్లు, గోదాము మేస్త్రీలు గోడలకు ఆనుకొని నిలబడ్డారు. వర్తకురాలు నెరిసిన జుట్టును పొట్టిగా కత్తిరించుకున్న పొడగరి. తోలు సంచిలో తన సొంత స్పూను తెచ్చుకున్నది. పెద్దాయన ఎప్పటిలాగే బల్లకు ఆవలి వైపున, చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డాడు.

ఇసుక జారిపోయింది.

మొదటి గిన్నె దగ్గర ఆమె స్పూనులోని తేనీరు సగం ఏప్రాను మీద ఒలికింది. పీల్చింది. ఎవరిదో కొండ మీది ఆకు, పలుచన. మనది కాదు. రెండవది, మూడవది. ఒక్కొక్క పీల్పుతో చేయి నిలకడకు వచ్చింది. గోడల వెంట నిలబడినవారు ఒక్కొక్కరే మాయమయ్యారు. అంతా నోరే, అంతా వాసనే. మధ్యలో ఒక గిన్నె నోట పడగానే గుర్తుపట్టింది: మనదే! ఆ నిండుదనం, చివరన ఆ చిన్న వగరు. దూరం నుంచి అన్నయ్య గొంతు విన్నట్లు.

మడమలు లేవబోయాయి. అంతలో, ఉమ్మిన తరువాత, గొంతు వెనుక సన్నగా, అతి సన్నగా, తడిగోనె.

ఆమె మళ్లీ తీసుకున్నది. ఉన్నది. మూడోసారి తీసుకున్నది.

“దొరికిందా?” డైరెక్టరు ఆగలేకపోయాడు.

“ఇది మనదండీ.”

గోడల వెంట చప్పట్లు మొదలయ్యాయి. డైరెక్టరు చేతులు చాచి వర్తకురాలి వైపు తిరిగాడు. “చూశారా! చెప్పానా!”

“కానీ ఇది పంపకూడదు,” అన్నది ఆమె.

చప్పట్లు ఒకటొకటిగా ఆగిపోయాయి.

“ఇందులో తడిసిన సరుకు కలిసింది. గోనె వాసన ఉంది.”

వర్తకురాలు తోలు సంచి విప్పి, స్పూను తీసి, ఆ గిన్నెలో ముంచి పీల్చింది. నోటిలో తిప్పి, ఉమ్మింది. కనుబొమలు ముడుచుకున్నాయి. “నాకేం తెలియడం లేదే. బాగానే ఉంది.”

డైరెక్టరు ముఖం ఎర్రబడింది. “ఎవరు ఒప్పుకున్నారమ్మా ఆ తడిసిన సరుకును?”

బల్లకు ఆవలి వైపు నుంచి పెద్దాయన ఆమెనే చూస్తున్నాడు.

“నేనే. గురువారం బాగుందని చెప్పాను. అప్పుడే వాసన తెలిసింది. తెలిసీ బాగుందన్నాను.”

నోటి నుంచి ఆ మాట వెలువడిన తరువాత భూమి బద్దలవుతుందని ఆమె ఎనిమిదేళ్లుగా ఎదురు చూస్తున్నది. బద్దలు కాలేదు. ఎవరో దగ్గారు. కిటికీ రెక్క గాలికి కొట్టుకున్నది.

“గురువారం అబద్ధం చెప్పిన మనిషిని శనివారం ఎలా నమ్మమంటావు?” అన్నది వర్తకురాలు. ఆ ప్రశ్నలో ఎకసెక్కెం లేదు.

“నమ్మకండి. ఆరనివ్వండి. వేడిలో ఈ వాసన దాక్కుంటుంది. ఆరితే పైకి వస్తుంది.”

“ఆరిన వరుస లేదనుకున్నామే!” అన్నాడు డైరెక్టరు. వెంటనే దిక్కు దొరికినవాడిలా అటు తిరిగాడు. “మాస్టారూ, మీరున్నారుగా! మీరు ఒక్క గుక్క చూసి చెప్పండి. మీ మాటే మాకు తుది మాట.”

గదిలో ఉన్న తలలన్నీ పెద్దాయన వైపు తిరిగాయి. ఆయన వెండి స్పూను తీశాడు. ముంచాడు. గది మారుమోగేటట్లు పీల్చాడు. బాగుందని ఆయన ఒక్క మాట అంటే చాలు. వర్తకురాలి మాటా అదే, డైరెక్టరు కోరికా అదే, ఆయన గురువారం కణుపూ నిలబడుతుంది, ఆమె కథ అక్కడితో ముగిసిపోతుంది. ఆయన కళ్లు అలవాటుగా ఆమె భుజాల మీద వాలాయి. ఆమె భుజాలు దాచలేదు, ఎత్తలేదు. ఊరికే నిలబడింది.

ఆయన ఉమ్మలేదు. మింగాడు.

“నాకు తెలీదు,” అన్నాడు.

“అంటే?”

“అంటే నాకు తెలీదు, బాబూ. ఆమెకు తెలుసు. ఆమెను అడగండి.”

 డైరెక్టరు ముఖం విప్పారింది. “చూశారా పెద్దమనిషి తరహా! ఇక నుంచి తనను కాదు, ఆమెనే అడగమంటున్నారు. ఇంతకంటే గొప్పగా కుర్చీ ఎవరైనా అప్పగిస్తారా?” గోడల వెంట మళ్లీ చప్పట్లు, ఈసారి మరింత జోరుగా. పెద్దాయన నోరు తెరిచాడు. మళ్లీ మూశాడు. నలభై ఏళ్ల ఉద్యోగంలో ఆయన చెప్పిన అతి కష్టమైన నిజాన్ని అందరూ ఆయన మర్యాదగా జమకట్టారు. దానిని దిద్దే శక్తి ఆయనలో లేదు. చెమ్మగిల్లిన కళ్లతో ఆయన ఆమెను చూశాడు. ఆమె తల వంచి, అతి కొద్దిగా, నమస్కరించింది. ఆ నమస్కారంలో క్షమ ఉన్నదో లేదో ఆమెకే తెలియదు. దానికి ఇంకా కొన్నాళ్లు పడుతుంది.

“సరే, ఆరనిద్దాం,” అన్నది వర్తకురాలు, గిన్నెను తన వైపు జరుపుకొని. గిన్నె మీది పొగ పలుచబడింది. పోయింది.  ఆవిడ వేలు ముంచి వెచ్చదనం చూసింది, ఇంకాసేపు ఆగింది, స్పూను ఎత్తింది.

డైరెక్టరు ఆవిడ ముఖం చూస్తున్నాడు. మేస్త్రీలు, లెక్కలవాళ్లు, కప్పులక్క, పెద్దాయన, అందరూ ఆవిడ ముఖమే చూస్తున్నారు. ఎనిమిదేళ్లు ఇతరుల ముఖాలూ వేళ్లూ చదివి బతికిన ఆమె మాత్రం అటు చూడలేదు. వరుసలో ఇంకా సగం గిన్నెలు మిగిలి ఉన్నాయి. అవి కూడా చల్లారిపోతున్నాయి. తరువాతి గిన్నెలో ఏమున్నదో అప్పటికే ఆమెకు నోరూరుతున్నది.

“అక్కా, ఇవన్నీ తీసేసి కొత్తగా నీళ్లు పొయ్యి. ఇటు చివర్నుంచి మొదలుపెడదాం,” అన్నది. ఆ గొంతు తనదేనా అని ఒక్క క్షణం తానే ఆశ్చర్యపోయింది. “ఈ ఒక్కటి ఉంచు, చూసేస్తాను.”

వెనుక గట్టి పీల్పు ఒకటి వినిపించింది. ఆ వెంటనే స్పూను బల్ల మీద పడిన చప్పుడు, నిండిన నోటితో, వెగటుతో వర్తకురాలి కంగారు గొంతు:

“తొట్టి! తొట్టి ఎక్కడ?”

ఆమె వెనుదిరగకుండానే తొట్టిని కాలితో అటు దొర్లించి, తరువాతి గిన్నెలో స్పూను ముంచింది.